వడ్ల మధ్య ఒక బండి దారి

ఇప్పటికీ రోడ్డు పక్కన నిలబడితే నేను ఎదురొచ్చే బండి వేగం చూడను, ఎత్తు చూస్తాను. దాని ముందు భాగం నా మోకాళ్ల దాకా వస్తుందా, నడుము దాకానా, రొమ్ము దాకానా అని కళ్లతోనే కొలుస్తాను. పక్కవాళ్లు ఏవో కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. నేను ఆ బండి వెళ్లిపోయేదాకా ఊపిరి వదలను. ఎముకలు అతుక్కున్నాయి. కర్ర వదిలేశాను. మళ్లీ బడికి వెళుతున్నాను. గండం గడిచిందని అందరూ అంటారు, అడిగినవాళ్లకు నేనూ అదే చెబుతాను. గడవనిది ఒకటి మిగిలి ఉంది. దాన్ని ఒకసారి కూర్చుని రాసుకుంటే నాకు కొంచెం నిలకడ వస్తుందని, నాలాగే మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్న వాళ్లకు ఒక తోడు ఉన్నట్టు అనిపిస్తుందని ఇది మొదలుపెట్టాను.

నా పేరు రూతు. మాది తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లె. నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన సుధాకర్ రొయ్యల మేత దుకాణం నడుపుతాడు. మా అమ్మాయి కీర్తన ఇంటర్ చదువుతోంది. మా బడిలోనే లెక్కలు చెప్పే వసంతక్కది మా పక్క ఊరు. ఆమెకు ఒక చిన్న కారు ఉండేది. నలుగురు ఎక్కితే మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. రోజూ పొద్దున నన్ను ఎక్కించుకునేది, సాయంత్రం దించేది. ఆ కారులో ఆమె ఎంత జాగ్రత్తగా వెళ్లేదంటే, వెనక వచ్చే స్కూటర్లవాళ్లు విసుక్కుని హారన్ కొట్టి దాటి వెళ్లేవాళ్లు.

సెప్టెంబరు

ఎడగారు పంట, అంటే ఎండాకాలంలో వేసే రెండో పంట, కోతలు అవుతున్నాయి. ఆ రోజుల్లో మా వైపు తారు రోడ్డే కళ్లం. రెండు పక్కలా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేరుస్తారు. మధ్యలో ఒక బండికి సరిపడా దారి మిగులుతుంది. ఎదురూ బొదురూ రెండు బండ్లు వస్తే ఒకరు ఆగాలి. ఎవరు ఆగాలన్నది ఎక్కడా రాసి ఉండదు, అప్పటికప్పుడు చూపులతో తేలిపోతుంది.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. వాన పడేలోగా వడ్లు కప్పాలని జనం టార్పాలిన్ పట్టలు పరుస్తున్నారు. వసంతక్క ఏడో తరగతి పేపర్ల గురించి ఏదో చెబుతోంది. ఎదురుగా తెల్లటి పెద్ద బండి కనిపించింది, మా వైపు రొయ్యల గుంటలవాళ్లు ఎక్కువగా కొనుక్కునే రకం. వడ్ల మధ్య సందులోకి తను ముందు వెళ్లిపోగలనని వసంతక్క అనుకుంది. తను వెళ్లిపోగలనని అతనూ అనుకున్నాడు. ఇద్దరూ ఇంచుమించు ఒకే వేగంలో ఉన్నారు. ఇద్దరూ ఒకేసారి బ్రేకు తొక్కారు, ఇద్దరూ పక్కకు తిప్పారు. వడ్ల మీద చక్రాలు జారిపోయాయి.

శబ్దం నాకు గుర్తు లేదు. గుర్తున్నది వెనక్కి పోవడం. అప్పటిదాకా ముందుకు వెళుతున్న మేము ఒక్కసారిగా వెనక్కి పోతున్నాం. ఆ తెల్ల బండి ఆగలేదు, మమ్మల్ని నెట్టుకుంటూ ఇంకా ముందుకే వస్తోంది. ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించాల్సిన చోట దాని ముందు జాలీ కనిపించింది. వసంతక్క వైపు అది మా కారు మీదికి ఎక్కినట్టుగా వచ్చేసింది. ఆమె చెబుతున్న మాట సగంలో ఉంది.

వడ్లు కప్పుతున్న ఒకామె పరుగెత్తుకొచ్చి నా తల పట్టుకుంది. “కండ్లు మూయబాకమ్మా, నన్నే చూడు, నన్నే చూడు,” అంటూ ఉంది. చినుకులు మొదలయ్యాయి. ఆమె తన వడ్ల మీద కప్పాల్సిన పట్ట తెచ్చి నా మీద పట్టుకుంది. అంబులెన్సు వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆమె వడ్లు తడిసే ఉంటాయి. తర్వాత ఎంత అడిగినా ఆమె ఎవరో నాకు తెలియలేదు.

ఆస్పత్రిలో తొలి రోజులు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. నడుము కింద ఎవరో తడిసిన ఇసుక బస్తాలు పేర్చినట్టు ఉండేది. ఊపిరి తీస్తే పక్కటెముకలు పొడిచేవి. తుంటి విరిగిందనీ, కాలిలో రాడ్డు వేశారనీ తర్వాత తెలిసింది. ఐసీయూ బయట కుర్చీల్లో సుధాకర్ ఎన్ని పూటలు కూర్చున్నాడో నాకు తెలియదు. లోపలికి పంపినప్పుడు మాత్రం గడ్డం పెరిగిన ముఖంతో వచ్చి నా బొటనవేలు పట్టుకుని నిలబడేవాడు. పట్టుకోవడానికి సూదులు లేని చోటు అదొక్కటే.

వసంతక్క గురించి అడిగితే అందరూ వేరే మాట ఎత్తేవాళ్లు. “ఎట్టుండాది ఆమెకు?” అంటే “నువ్వు మాట్లాడబాకు, డాక్టరు వద్దన్నాడు,” అనేవాళ్లు. చివరికి కీర్తనే చెప్పింది. “అమ్మా, అక్కడికక్కడే,” అని ఆగిపోయింది. నేను ఏడవలేదు. ఏడిస్తే పక్కటెముకలు నొప్పి పుడతాయన్న భయం అప్పుడు దుఃఖం కన్నా పెద్దది.

పాస్టరమ్మ వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. “దేవుడు నిన్ను కాపాడినాడు తల్లీ,” అంది. ఆమె మంచి మనిషి, ఇంటినుంచి గంజి కాచి ఫ్లాస్కులో తెచ్చింది. నేను ఆమేన్ అన్నాను. ఆమె వెళ్లాక నా కుడిపక్క ఖాళీ గోడను చూస్తూ, వసంతక్క వైపు ఎందుకు చూడలేదని దేవుణ్ణి అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను, ఆరాధనకు వెళ్లడం మాత్రం మానలేదు.

అక్టోబరు

వార్డులోకి మార్చాక అందరూ ఒకే ప్రశ్న అడిగారు. పోలీసులు అడిగారు, వసంతక్క అన్న అడిగాడు, ఆ తెల్ల బండి వాళ్ల బంధువులు ఎవరి ద్వారానో అడిగించారు. ముందు ఎవరు వచ్చారు? నేను చూసింది చెప్పాను. ఇద్దరూ ఒకేసారి వచ్చారు, ఇద్దరూ ఆగలేదు. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. వసంతక్క అన్న, “చచ్చిపోయినదాని పక్కన కూర్చోని వచ్చినావు. ఆమె తరఫున ఒక్క మాట చెప్పలేవా?” అన్నాడు. మళ్లీ రాలేదు.

కీర్తన సాయంత్రాలు నా మంచం పక్కన కూర్చుని చదువుకునేది. ఒకరోజు పుస్తకం మూసేసి కూర్చుంది. ఏమైందని అడిగాను.

“ఫిజిక్స్‌లో ఒక లెక్క ఉందమ్మా. రెండు బంతులు ఒకే వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటాయి. ఒకటి బరువు, ఒకటి తేలిక. బరువుది కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. తేలికది వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఎంత వేగంతో పోతుందో కనుక్కోమంటాడు.”

“అయితే?”

“అక్కడితో లెక్క అయిపోతుంది. తేలిక బంతిలో ఎవరు కూర్చున్నారో అడగడు.”

తర్వాత అది మంచం అంచుకు తల ఆనించి ఏడ్చింది. నేను దాని జుట్టు నిమురుతూ నాకు గుర్తున్న ఆ వెనక్కి పోవడం గురించే ఆలోచించాను. అది దేవుడి చెయ్యీ కాదు, శాపమూ కాదు. ఇంటర్ పుస్తకంలో ఉన్న లెక్క. అలా తెలిశాక భయం తగ్గాలి. తగ్గలేదు.

ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం, పాతికేళ్లు దాటి ఉంటాయేమో, ఒక అబ్బాయి వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో బత్తాయిల కవరు. సుధాకర్ భోజనానికి వెళ్లాడు. అతను ఆ సమయం చూసుకునే వచ్చాడని తర్వాత అర్థమైంది.

“అక్కా, నేను మురళిని,” అన్నాడు. “ఆ బండి నాది.”

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“దెబ్బలేమైనా తగిలినాయా?” అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి మామూలుగానే వచ్చింది.

“బెల్టు ఒరుసుకొని ఈడ కమిలిందక్కా. అంతే.” భుజం చూపించబోయి చెయ్యి దించేశాడు. “మా అమ్మ వెనక సీట్లో ఉండింది. ఒళ్లో పూల సంచి పెట్టుకొనుండింది. ఆ పూలు గూడా నలగలేదు. ఇంటికి పోయినాక మా వాళ్లు గుడిలో టెంకాయ కొట్టినారు. అందరూ బండి మంచిది కాబట్టి బతికినారు అంటుండారు. ఆ మాట వింటే నాకు ఆడ నిలబడబుద్ధి కాదు.”

బత్తాయిల కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“అమ్మ కోసమే అంత పెద్దది తీసుకున్నానక్కా. రోడ్లు మంచియి కాదు గదా, ఆమెకు ఏమీ కాకూడదని.” కాసేపు నేల చూశాడు. “నేను ఆగుంటే సరిపోయేది.”

“మేమూ ఆగలేదు మురళీ.”

అప్పుడు కూర్చున్నాడు. బత్తాయిల కవరు కాళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నర్సు వచ్చి విజిటింగ్ టైము కాదని చెప్పేదాకా అలాగే ఉన్నాడు. అతన్ని ద్వేషించగలిగితే నాకు సులువుగా ఉండేది. వసంతక్క చేసిన పొరపాటే అతనూ చేశాడు, ఆమె కన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇద్దరి మధ్య తేడా అంతా వాళ్ల కింద ఉన్న ఇనుములో ఉంది. ఆ ఆలోచనే నన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి వెంటాడింది.

క్రిస్మస్ ముందు

ఇంటికి వచ్చాక వాకర్ పట్టుకుని గదిలోంచి వరండా దాకా నడవడం నేర్చుకున్నాను. మా ఇల్లు రోడ్డు మీదే. రొయ్యల లారీలు వెళ్లేటప్పుడు కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. ఇరవై ఏళ్లుగా వణుకుతున్నా నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ వణుకు ముందు నా పళ్లలో మొదలయ్యేది. లారీ కనిపించకముందే, దాని బరువు నేలలోంచి మంచం కోళ్లలోకి, అక్కడినుంచి నా నడుములోకి ఎక్కేది. చీకటి పడ్డాక కళ్లు మూస్తే తెల్ల జాలీ. తెరిస్తే అద్దం వణుకు. డాక్టరు మందు రాశాడు, మనసులో భయాల గురించి మాట్లాడించే డాక్టరు దగ్గరికి కూడా పంపాడు. వెళ్లాను. ఇలాంటిది వస్తే దాచుకోవద్దని చదివేవాళ్లకు చెబుతున్నాను. ఎముక విరిగినట్టే ఇదీ ఒక దెబ్బ. కట్టు కనిపించదు, అంతే.

వసంతక్క భర్త రమణయ్య గారు ఒకరోజు వచ్చారు. కాఫీ తాగలేదు. చాలాసేపు మా అమ్మాయి చదువు గురించి అడిగి, లేవబోతూ, “చివర్లో ఏం మాట్లాడతా ఉండిందమ్మా?” అన్నారు.

“ఏడో తరగతి పేపర్ల గురించండీ. ఒక పిల్ల తలకిందులుగా లెక్క చేసి సరైన జవాబు తెచ్చిందంట. ఆ పిల్లకు మార్కులు వెయ్యాలా వద్దా అని.”

“ఏమనింది? వేస్తాననిందా?”

“ఆ మాటలోనే ఉండిందండీ.”

ఆయన తల ఊపారు. “వేసుంటుందిలే,” అని చెప్పులేసుకున్నారు. గేటు దగ్గర గడియ పట్టుకుని కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయారు.

ఫిబ్రవరి

నేను కర్రతో నడుస్తున్నప్పుడు సుధాకర్ నన్ను నెల్లూరులో ఒక కార్ల షోరూముకు తీసుకెళ్లాడు. ఎందుకో చెప్పలేదు. లోపల మా మేత గోడౌన్ తలుపంత ఎత్తుతో ఒక బండి నిలబెట్టి ఉంది. అక్కడి అమ్మాయి నవ్వుతూ, “ఇందులో కూర్చుంటే కోటలో కూర్చున్నట్టేనండీ. ఏది వచ్చి తగిలినా దానికే నష్టం,” అంది.

నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఏదో చూపించడానికి బండి ముందుకు వెళ్లింది. ఆమె గొంతు వినిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. బానెట్ పైన ఆమె తల్లోని మల్లెపూలు మాత్రం కదులుతున్నాయి. మేము అంత కింద కనిపించి ఉంటాం మురళికి. అసలు కనిపించామా అనుకున్నాను.

“దించండి,” అన్నాను. 

ఇంటికి వచ్చాక మా ఇద్దరికీ పెళ్లయ్యాక ఎన్నడూ రానంత గొడవ వచ్చింది.

“ఆ బండి మనకొద్దు,” అన్నాను.

“నువ్వు ఒక్కటి చూళ్లేదు, నేను చూసినా,” అన్నాడు సుధాకర్. “పోలీస్ స్టేషన్ కాడ ఆ రెండు బండ్లూ పక్కపక్కన పెట్టుండారు. మీ కారుకు ముందు భాగం లేదు. వసంతమ్మ కూర్చున్న సీటు యాడుందో వెతుక్కోవాల. దాని పక్కన ఆ పెద్దది. ఒక లైటు పగిలింది, బంపరు వంగింది. తాళం తిప్పితే ఇంటికి పోయేటట్టుండాది. అది చూసినోడికి నువ్వు నీతి చెప్తే ఎట్టా?”

“నీతి కాదు. ఎదురుగా ఇంకో వసంతక్క వస్తే?”

“రాకూడదనే కోరుకుంటా. వస్తే నా పెళ్లాం, నా బిడ్డ బతకాల. నేను ఐసీయూ బయట కూర్చున్నప్పుడు అదొక్కటే అడిగినా దేవుణ్ణి. ఇంకొకరి గురించి అడగలా.” నా చేతిలో కర్ర తీసుకుని గోడకు ఆనించాడు. “నన్ను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టబాకు రూతూ.”

ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. మురళీ తన తల్లి కోసం అదే అనుకున్నాడు. రోడ్డు మీద పెద్ద బండ్లలో వెళ్లేవాళ్లంతా ఎవరో ఒకరిని ప్రేమించే కొనుక్కుని ఉంటారు. మార్చిలో బండి ఇంటికి వచ్చింది. కొత్త బండికి చేసే ప్రార్థనకు పాస్టరు గారు వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉండిపోయాను.

నేను బస్సులో బడికి వెళ్లడం మొదలుపెట్టాను. బస్సులో నాకు వణుకు రాలేదు. ఎందుకు రాలేదా అని కొన్నాళ్లు ఆశ్చర్యపోయి, ఒకరోజు కిటికీలోంచి కింద వెళుతున్న ఆటోను చూసినప్పుడు కారణం తట్టింది. అన్నిటికన్నా బరువైన దాంట్లో నేనే కూర్చుని ఉన్నాను. సుధాకర్‌ను నేను తప్పుపట్టిన విషయం నా ఒంటికి ఎప్పుడో తెలుసు. ఆ పూట పాఠం సరిగా చెప్పలేకపోయాను.

ఏప్రిల్

పరీక్షలు అయిపోయి కీర్తన ఇంట్లోనే ఉంది. ఒకరోజు పొద్దున సుధాకర్ దుకాణానికి బయలుదేరాడు. నేను వరండాలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. కీర్తన గేటు తీసి వచ్చి, బండి ముందు నుంచి వస్తూ చెప్పు తెగిందని అక్కడే వంగి కూర్చుంది. సుధాకర్ అద్దాలు ఎత్తుకుని, ఇంజన్ వేసి, గేటు ఖాళీగా ఉండటం చూశాడు. అంత ఎత్తు నుంచి అతనికి గేటు కనిపిస్తుంది, రోడ్డు కనిపిస్తుంది, రోడ్డవతల రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు కూడా కనిపిస్తాయి. బానెట్ కింద కూర్చున్న కూతురు కనిపించదు.

బండి కదిలింది. అరవాలని నోరు తెరిచాను. గొంతు రాలేదు. చేతిలో కర్ర ఉంది. దాన్ని బలమంతా పెట్టి బండి అద్దం మీదికి విసిరాను. నేను కింద పడిపోయాను.

బండి ఆగింది. కీర్తన తెగిన చెప్పు చేత్తో పట్టుకుని లేచి నిలబడింది. బానెట్ అవతల దాని ముఖం పైకి వచ్చినప్పుడు సుధాకర్ ముఖం నేను చూశాను. ఆస్పత్రిలో నా బొటనవేలు పట్టుకుని నిలబడినప్పుడు కూడా ఆ ముఖం అలా లేదు. దిగి వచ్చి నన్ను లేపాడు. తర్వాత వరండా మెట్టు మీద కూర్చున్నాడు. కీర్తన, “నాన్నా, నాకేం కాలేదు, నాకేం కాలేదు,” అంటూ ఉంది. అతను దాని అరికాలు ఒళ్లో పెట్టుకుని, దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఆ రోజు దుకాణం తెరవలేదు. ఆ సంగతి మేము ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అమ్మేద్దామంటాడేమో అనుకున్నాను. అనలేదు. నేనూ అడగలేదు. భయం ఒకటే, అది ఏ వైపు కూర్చున్నా వస్తుందని మా ఇద్దరికీ తెలిసిపోయింది. బండి ఎక్కే ముందు మాత్రం దాని చుట్టూ ఒకసారి నడిచి వస్తాడు, చంటిపిల్లలున్న ఇంట్లో మంచం కిందికి వంగి చూసినట్టు.

జులై

కాలు చివరిసారి చూపించుకోవడానికి నెల్లూరు వెళ్లాలి. బస్సుల సమయం కుదరలేదు. మా బండి ఇంటికి వచ్చాక మొదటిసారి దాని ముందు సీట్లో కూర్చున్నాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇక రానక్కర్లేదని చెప్పాడు. తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. వాన వెలిసింది, పొద్దు ఇంకా ఉంది.

కాలువ మీద సన్నటి వంతెన ఉంది. రెండు బండ్లు పట్టవు. మేము దాదాపు దాని మొదట్లో ఉన్నాం, అవతల నుంచి ఒక చిన్న కారు వస్తోంది. మాదే ముందు. ఎవరైనా వెళ్లిపోయేవాళ్లే. నా చెయ్యి దానంతటదే తలుపు పిడి పట్టుకుంది. పళ్లలో వణుకు మొదలైంది.

సుధాకర్ వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. బండిని ఎడమకు దించి, గడ్డిలో, బురదలో, కాలువ గట్టు అంచున ఆపాడు. ఇంజన్ కట్టేశాడు. వెనక ఉన్న లారీవాడు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. సుధాకర్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు.

చిన్న కారు వంతెన ఎక్కింది. ఇద్దరు ఆడవాళ్లు. నడుపుతున్నామె ఏదో చెబుతోంది, పక్కనామె ఆమె వైపు తిరిగి నవ్వుతోంది. మా తలుపు పక్కనుంచే, మా చక్రం కన్నా కొంచెం ఎత్తులో, వాళ్ల కప్పు జారిపోయింది. ఇద్దరిలో ఎవరూ మమ్మల్ని చూడలేదు. చూడాల్సిన పని వాళ్లకు లేదు.

“దాటుకున్నారా?” అన్నాడు సుధాకర్, తల ఎత్తకుండా.

నేను వెనక్కి తిరిగి, ఆ కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చూశాను.

“దాటుకున్నారు,” అన్నాను. “ఇంటికి పోతుండారు.”